కాంటా గదిలో మాన్యువల్: ఆరు నెలల పని డైరీ

నల్లగొండలో మేం నలుగురం ప్రోగ్రామర్లం. రైస్ మిల్లుల వే బ్రిడ్జిల (లారీలు తూచే కాంటాల) దగ్గర లారీ తూకం నమోదు చేసే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తాం. మా మిల్లులు దాదాపు అన్నీ మిర్యాలగూడ వైపే. ఇక్కడ రాస్తున్నది ఆ సాఫ్ట్‌వేర్ మాన్యువల్‌ని తిరగరాసిన సంగతి. కోడ్ రాసేవాళ్ళూ డాక్యుమెంట్ రాసేవాళ్ళూ కలిసి పనిచేయాల్సిన చిన్న టీమ్‌లు మేం చేసిన తప్పులు మళ్ళీ చేయకుండా ఉంటే చాలు.

మాన్యువల్ రాసేది ఒక అక్క. అంతకుముందు ఒక పత్రికలో జిల్లా పేజీల డెస్క్ మీద పనిచేసింది. టైపింగు, పేజీ పెట్టడం, పక్కవాడి వాక్యం నరకడం బాగా వచ్చు. కోడ్ రాదు. అదే మాకు పనికొచ్చింది, ఎలాగో మూడో దశలో చెబుతాను.

దశ 0: మొదలుపెట్టే ముందు లెక్క

వానాకాలం వడ్లు దిగుతున్నప్పుడు, అక్టోబరు చివర్లో రెండు వారాలు, ఆఫీసు ఫోన్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టాం. కాల్‌కి ఒక గీత. 11 మిల్లుల నుంచి 94 కాల్స్ వచ్చాయి.

1. "ఇది ఎలా చేయాలి": 57
2. కేబుల్, పోర్టు, స్క్రీన్ మీదికి బరువు రాకపోవడం: 21
3. నిజంగానే మా ప్రోగ్రామ్‌లో తప్పు: 16

ఆ 57లో ఎక్కువ ప్రశ్నలకు జవాబు మా పాత మాన్యువల్లో ఉంది. 64 పేజీల పుస్తకం, రెండేళ్ల కింద మేమే రాశాం. అది ఎన్ని మిల్లుల్లో ఉందో అడిగి చూస్తే మూడు చోట్ల దొరికింది. అందులో ఒకచోట మౌస్ కింద వేసుకున్నారు.

ఈ నోట్‌బుక్ పని ఎవరూ ఎగ్గొట్టవద్దు. ఇది లేకపోతే ఆరు నెలల తర్వాత "బాగుందనిపిస్తోంది" అనడం తప్ప చేతిలో ఏమీ ఉండదు.

ఇప్పటిదాకా: 6 గంటలు, 0 పేజీలు.

దశ 1: పాత పుస్తకాన్ని బయటికి తీయడం

పాత మాన్యువల్‌ని ప్రకాశం బజార్ దగ్గర ఒక డీటీపీ సెంటర్లో టైప్ చేయించాం. అది యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు, పాత తరహా ఫాంటు. కాపీ చేసి పేస్ట్ చేస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు కలిసిన గోల కనిపించింది. కన్వర్టర్ పెట్టి మారిస్తే నూటికి తొంభై వంతులు బాగానే వచ్చింది. మిగతా పది వంతుల్లో వత్తులు తారుమారు. ఎక్కడ తప్పిందో తెలియాలంటే మొత్తం చదవాల్సిందే.

రెండు రోజులు దిద్దాక అక్క లేచి నిలబడింది. "తమ్ముడూ, ఇది దిద్దే బదులు కొత్తగా రాస్తే తొందరగా అవుతుంది. పైగా ఇందులో ఉన్నది కాంటా గదిలో ఎవరికీ అక్కర్లేదు. మొదటి 9 పేజీలు డేటాబేస్ ఇన్‌స్టాల్ చేయడం గురించి. అది మీరు చేసే పని, వాళ్ళది కాదు కదా?"

పాత పుస్తకాన్ని పక్కన పెట్టేశాం. ఆ రెండు రోజులు వృథా.

డాక్యుమెంటేషన్‌ని నాలుగు రకాలుగా విడదీయాలని డానియేలె ప్రొచీడా ప్రతిపాదించిన డయాటాక్సిస్ అనే పద్ధతి ఒకటుంది: నేర్పే పాఠం, పని చేసే విధానం, చూసుకునే వివరాలు, ఎందుకో చెప్పే వివరణ. మా పాత పుస్తకంలో ఒక్కో పేజీలో ఈ నాలుగూ కలిసిపోయి ఉన్నాయి. మేం రెండే ఉంచుకున్నాం, పని చేసే విధానం ఒకటి, చూసుకునే వివరాలు ఒకటి. మిగతా రెండు కాంటా దగ్గర కూర్చునేవాళ్ళకు లారీల వరుస నిలబడి ఉండగా చదివే తీరిక లేదు.

ఇప్పటిదాకా: 25 గంటలు, 0 పేజీలు.

దశ 2: ఫైళ్లు తిప్పడం

మొదట వర్డ్ ఫైల్ వాట్సాప్‌లో తిప్పాం. పది రోజులకు "తూకం_ఫైనల్", "తూకం_ఫైనల్_సరిచేసింది", "తూకం_ఫైనల్_ఇదే" అని మూడు పోగయ్యాయి. నేను ఒకదాంట్లో దిద్దాను, మా వాడొకడు ఇంకోదాంట్లో దిద్దాడు, అక్క మూడోది రాస్తోంది. ఒక పూట పని పోయింది.

ఇక కోడ్ ఉన్న గిట్ రిపాజిటరీలోనే (ఎవరు ఏ ఫైల్లో ఏం మార్చారో గుర్తుంచుకునే నిల్వ) ఒక ఫోల్డర్ పెట్టి, మామూలు టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులతో శీర్షికలు పెట్టే మార్క్‌డౌన్‌లో రాయడం మొదలుపెట్టాం. మేం చేసిన పెద్ద తప్పు ఇక్కడే. అక్కకు గిట్ నేర్పుతామని ఒక సాయంత్రం కూర్చుని బ్రాంచి, రీబేస్, స్టాష్ అన్నీ చెప్పాం. మర్నాడు ఆమె రాసిన పేజీ కనిపించలేదు. నిజానికి అది స్టాష్‌లో, అంటే గిట్ మార్పులను పక్కన దాచే చోట, ఉంది. కానీ రాసినావిడకు తన రాత మాయమైపోతే ఎలా ఉంటుందో ఆ రోజు ఆమె ముఖం చూసి తెలుసుకున్నాం.

తర్వాత మార్చుకున్నవి:

1. అక్కకు నాలుగు పనులే: తాజాది తెచ్చుకోవడం, కొత్త బ్రాంచి (తన మార్పులకు విడి కాపీ), సేవ్, పంపడం. నాలుగూ ఎడిటర్లో బటన్లు. కమాండ్లు లేవు.
2. కాన్‌ఫ్లిక్ట్ (ఇద్దరి మార్పులు ఒకే చోట ఢీకొనడం) వస్తే ఆమె ముట్టుకోదు. ఆ వారం డ్యూటీలో ఉన్న ప్రోగ్రామర్ తీరుస్తాడు.
3. ఒక్కో వాక్యం ఒక్కో లైన్లో రాయాలి.

మూడోదే అన్నిటికంటే పనికొచ్చింది. ముందు పేరా మొత్తం ఒకే లైన్లో ఉండేది. గిట్ పోల్చేది లైన్లను. పేరాలో ఒక్క మాట మార్చినా పేరా అంతా మారినట్టే చూపించేది, ఇద్దరు ఒకే పేరాలో చేయి పెడితే గొడవే. వాక్యానికో లైన్ పెట్టాక మొదటి మూడు వారాల్లో 14 వచ్చిన కాన్‌ఫ్లిక్టులు తర్వాతి మూడు వారాల్లో 2కు తగ్గాయి. అచ్చులో ఎలాగూ పేరాగానే కనిపిస్తుంది.

ఇప్పటిదాకా: 49 గంటలు, 5 పేజీలు.

దశ 3: "మొదటి బరువు" అంటే ఏది?

ఈ దశ గురించి ఎక్కువే రాస్తాను.

మా స్క్రీన్ మీద రెండు గడులు: మొదటి బరువు, రెండో బరువు. లారీ కాంటా ఎక్కగానే ఒకసారి, పని అయ్యాక ఇంకోసారి తూస్తారు. రెంటి తేడా నికర బరువు. ప్రింటయ్యే చీటీ మీద మాత్రం గ్రాస్ (లోడుతో బరువు), టేర్ (ఖాళీ బండి), నెట్ (నికరం) అని ఉంటుంది. ఇందులో తిరకాసు ఉందని రెండేళ్లుగా మా నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

పేజీ రాయడానికి కూర్చున్న అక్క అడిగింది: "మొదటి బరువంటే లోడు బరువా, ఖాళీ బండి బరువా?"

"లోడే అక్కా. వడ్లతో వస్తుంది, తూస్తారు, దించుతారు, ఖాళీ బండి తూస్తారు."

"మరి బియ్యం తీసుకుపోయే లారీ ఖాళీగానే కదా వచ్చేది?"

కోడ్ తెరిచి చూశాం. మొదటి బరువు నేరుగా గ్రాస్ గడిలోకి పోతోంది. బియ్యం లారీకి అలా చేస్తే నెట్ మైనస్‌లో వస్తుంది. ఎప్పుడో మాలో ఒకడు దానికి మైనస్ గుర్తు తీసేసే ఒక లైన్ రాసి ఊరుకున్నాడు. కాబట్టి నికర బరువు సరిగ్గానే వచ్చేది. చీటీ మీద మాత్రం గ్రాస్ కంటే టేర్ ఎక్కువ. 94 కాల్స్‌లో దీని గురించి ఒక్కటీ లేదు. ఎందుకు లేదో మిల్లుకు వెళ్ళాక తెలిసింది. బియ్యం చీటీలన్నిటి మీదా ఆ రెండు మాటలూ పెన్నుతో కొట్టేసి, మార్చి రాసుకుంటున్నారు. "మొదటి నుంచీ గంతే సారూ, అలవాటైపోయింది" అన్నాడు గుమాస్తా.

తెలియని మనిషికి అర్థమయ్యేలా ఒక వాక్యం రాయాల్సి వస్తే తప్ప ఆ తప్పు బయటపడలేదు. అక్కకు కోడ్ వచ్చి ఉంటే, మాలాగే "ఫస్ట్ వెయిట్" అని చదువుకుని ముందుకు పోయేదేమో.

మార్చినవి:

1. స్క్రీన్ మీద మొదటి, రెండో అనే మాటలు తీసేశాం. రెండు తూకాల్లో పెద్దది లోడు బరువు, చిన్నది ఖాళీ బండి. ప్రోగ్రామే తేల్చుకుంటుంది.
2. చీటీ మీద కూడా అవే మాటలు: లోడు బరువు, ఖాళీ బండి, నికర బరువు.
3. ఒక పదాల పట్టిక పెట్టాం. స్క్రీన్, చీటీ, మాన్యువల్, మేం ఫోన్లో మాట్లాడే మాట, నాలుగూ ఒకటే కావాలి.

పట్టిక దగ్గర వాదనలు చాలా జరిగాయి. 'స్థూల బరువు' అని నేనన్నాను, పుస్తకాల్లో అలాగే ఉంటుంది కదా అని. అక్క ముగ్గురు లారీ డ్రైవర్లను అడిగింది. ఒక్కరూ ఆ మాట వాడలేదు. 'మాయిశ్చర్' బదులు 'తేమ' పెడదామని అక్క అంది, దానికి మిల్లువాళ్ళు ఒప్పుకోలేదు. ప్రభుత్వ కొనుగోలులో వడ్ల తేమకు ఉన్న 17 శాతం హద్దు దగ్గర రోజూ పడే గొడవంతా వాళ్ళ నోట్లో "మాయిశ్చర్" మీదే నడుస్తుంది. అదే ఉంచాం. 'తరుగు'ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మొత్తం 43 మాటలు తేల్చడానికి 11 గంటలు పట్టింది. ఎక్కువే. కానీ ఇదే పని మొదటి రోజు చేసి ఉంటే దశ 2లో రాసిన 5 పేజీలు తిరగరాయాల్సి వచ్చేది కాదు.

ఇప్పటిదాకా: 83 గంటలు, 11 పేజీలు, మాన్యువల్ వల్ల దొరికిన బగ్ 1.

దశ 4: మాటలు లెక్కపెట్టే స్క్రిప్టు

విమానాల మరమ్మతు మాన్యువళ్ల కోసం పుట్టిన ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అనే ఇంగ్లిష్ ప్రమాణంలో, పని చేయమని చెప్పే వాక్యం 20 పదాలు మించకూడదని నియమం. తెలుగులో 20 అంటే చాలా పొడుగు. "నొక్కాల్సివచ్చినప్పుడల్లా" అన్నది మనకు ఒకే మాట, ఇంగ్లిష్‌లో అరడజను. మేం 10 పెట్టుకున్నాం. వాక్యం అది దాటితే హెచ్చరించేలా పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాశాను.

మొదటి రోజే అన్ని వాక్యాలూ ఫెయిల్. 7 మాటల వాక్యానికి 24 అని చూపించింది. అక్క తన వాక్యాలు తనే ఒక గంటసేపు కుదించుకుంటూ కూర్చుంది, నేను చూడలేదు. తప్పు నాది. మాటలు పట్టుకోవడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (నమూనా ఇచ్చి రాతలో వెతికే పద్ధతి) బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ, అంటే అక్షరాలను, అంకెలను పట్టే గుర్తు, వాడాను. పైథాన్ మామూలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూల్ తెలుగు గుణింతపు గుర్తులను అక్షరాల కింద లెక్కించదు. 'తెలుగు' అని ఇస్తే త, ల, గ అని మూడు ముక్కలు చేస్తుంది. ఖాళీల దగ్గర విడగొట్టేలా మార్చాక సరిపోయింది.

రెండో దెబ్బ పదాల పట్టికతో పోల్చే స్క్రిప్టుకు తగిలింది. 'సాఫ్ట్‌వేర్' అని పట్టికలో ఉంది, పేజీలోనూ ఉంది, అయినా దొరకలేదంటుంది. ఒకచోట 'ట్' తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరంతో కలవకుండా ఆపే గుర్తు) ఉంది, ఇంకోచోట లేదు. అక్క కీబోర్డు ఒక రకం, నాది ఒక రకం. పోల్చేముందు రెండు వైపులా ఆ అక్షరాన్ని తీసేస్తున్నాం.

తెలుగు పీడీఎఫ్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మేం చీటీలకు వాడే పీడీఎఫ్ లైబ్రరీ వత్తులను కింద పెట్టలేదు, పక్కపక్కన పొల్లుతో చూపించింది. దానితో కుస్తీ పట్టకండి. వెబ్ పేజీగా చేసి, క్రోమ్ నుంచి పీడీఎఫ్‌గా ప్రింట్ ఇస్తే అక్షరాలు సరిగ్గా వస్తాయి.

ఇప్పటిదాకా: 96 గంటలు, 14 పేజీలు.

దశ 5: కాంటా గదిలో పరీక్ష

మూడు మిల్లులు, ఐదుగురు ఆపరేటర్లు. పద్ధతి ఇది:

1. "కొత్త లారీ నమోదు" పేజీ చేతికిచ్చి, నిజం లారీనే తూయమనాలి.
2. మనం మాట్లాడకూడదు.
3. ఎక్కడ ఆగారో, ఎంతసేపు ఆగారో రాసుకోవాలి.

రెండో నియమం నేనే తప్పాను, రెండో నిమిషంలోనే. "అది కాదన్నా, పక్కది" అన్నాను. అక్క నా కాలు తొక్కింది. ఆ పరీక్ష లెక్కలోంచి తీసేశాం, కాబట్టి మిగిలింది నలుగురు. వాళ్ళలో అడగకుండా పూర్తి చేసినవాడు ఒక్కడు.

ఆగిన చోట్లు:

"సేవ్ నొక్కండి" అని పేజీలో ఉంది. స్క్రీన్ మీద బటన్ పేరు "పోస్ట్". ఒకాయన పోస్టు అంటే ఎవరికో పంపుతుందని భయపడి నొక్కలేదు. 43 మాటల పట్టిక చేసిన మేం బటన్ల పేర్లు అందులో చేర్చడం మరిచాం.

"కామ్ 3 ఎంచుకోండి" అని ఉంది, అది పోర్టు నంబరు. ఇండికేటర్ (కాంటా బరువు చూపే పెట్టె) నుంచి వచ్చే ఆర్‌ఎస్-232 కేబుల్‌ని యూఎస్‌బీ కన్వర్టర్‌తో కంప్యూటర్‌కి పెడతారు. ఊడ్చేటప్పుడు తీసి ఇంకో రంధ్రంలో పెడితే విండోస్‌లో పోర్టు నంబరు మారిపోతుంది. ఆ మిల్లులో అది కామ్ 7. మా ఆఫీసులో 3 కాబట్టి పేజీలో 3 అని రాయించింది నేనే.

ఎంటర్ కీ మీద అక్షరాలు అరిగిపోయాయి. ఊక దుమ్ము, తవుడు చేతులు. "ఎంటర్" అన్న మాట పక్కన కీ ఆకారం బొమ్మ పెట్టాం.

ఇక "బరువు స్థిరపడ్డాక సేవ్ చేయండి". ఇది అన్నిటికంటే కష్టమైన వాక్యం. స్థిరపడిందని ఎలా తెలియాలి? అక్క నాలుగు రకాలుగా రాసింది. డ్రైవర్ కిందికి దిగాక, ఇంజన్ ఆపాక, అంకె కదలకుండా మూడు లెక్కపెట్టాక... ఒక్కటీ పనిచేయలేదు. వెనక ఇంకో లారీ హారన్ కొడుతుంటే ఎవరు లెక్కపెడతారు? ఒక పెద్దాయన అన్నాడు: "సారూ, ఆగాల్నని మీ పుస్తకం జెప్పుడెందుకు, మీ మిషినే ఆగొచ్చు గదా."

తిరుగు ప్రయాణంలో బస్సులో నేనూ అక్కా ఇదే మాట్లాడుకున్నాం. ఆ వారం కోడ్ మార్చాం: మూడు సెకన్లు ఒకే అంకె ఉంటే తప్ప బటన్ వెలగదు. మాన్యువల్లో ఆ వాక్యం కొట్టేశాం. మర్నాడే ఒక మిల్లు నుంచి ఫోన్, బటన్ అసలు వెలగడమే లేదని. ఆ మిల్లులో కాంటా పక్కనే జాలీల మోటారు తిరుగుతుంది. అంకె 5 కిలోలు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఒక మెట్టు (కాంటా చూపగల అతి చిన్న తేడా) ఊగినా పరవాలేదని మార్చాం. కానీ ఆ మెట్టు కొన్ని కాంటాల్లో 5 కిలోలు, కొన్నింట్లో 10. మొదట 5 అని కోడ్‌లో కట్టేశాం, 10 మెట్టు కాంటాల్లో మళ్ళీ అదే సమస్య. ఇప్పుడు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అడుగుతుంది. అంటే ఒక వాక్యం కొట్టేయడానికి మూడు సార్లు కోడ్ మార్చాం. నా లెక్కలో ఇది లాభమే, మా వాళ్ళలో ఒకడు మాత్రం ఇంకా ఒప్పుకోడు.

రెండో విడత, అదే నలుగురు: ముగ్గురు అడగకుండా పూర్తి చేశారు. రెండోసారి కాబట్టి కొంత అలవాటు కూడా కలిసొచ్చి ఉంటుంది.

పుస్తకం రూపం కూడా మారింది. ఏ4 షీట్లు రెండు, రెండు వైపులా, లామినేషన్ చేసి, మేకుకు తగిలించేలా పైన రంధ్రం. షీటుకు 30 రూపాయలు. మిగతా పేజీలు కంప్యూటర్లోనే, ఎఫ్1 నొక్కితే వస్తాయి.

ఇప్పటిదాకా: 134 గంటలు, 17 పేజీలు, మాన్యువల్ వల్ల మారిన కోడ్ 6 చోట్ల.

దశ 6: "పేజీ లేనిదే పని పూర్తి కాదు"

కొత్త ఫీచర్‌కి పేజీ లేకపోతే విడుదల చేయకూడదని నియమం పెట్టాం. వినడానికి బాగుంటుంది. జరిగిందేమిటంటే, గేటు దాటడానికి ప్రోగ్రామర్లు పేజీలు పుట్టించారు. ఒకడు "ఈ బటన్ రిపోర్టును ఇస్తుంది" అని ఒక్క లైను రాసి పంపాడు. ఇంకొకడి పేజీలో ఫంక్షన్ పేర్లే ఉన్నాయి. ఆ పేజీలను దిద్దడానికి అక్కకు కొత్తగా రాసేదానికంటే ఎక్కువ టైమ్ పట్టింది.

ఇప్పుడు ప్రోగ్రామర్ పేజీ రాయడు. ఐదు ప్రశ్నలకు జవాబు రాస్తాడు:

1. ఇది ఎవరికి? గుమాస్తాకా, కాంటా ఆపరేటర్‌కా, మిల్లు యజమానికా?
2. దీనికి ముందు వాళ్ళు ఈ పని ఎలా చేసుకునేవాళ్ళు?
3. ఏం నొక్కాలి, ఏం కనిపించాలి?
4. ఎక్కడ తప్పు జరగొచ్చు? అప్పుడేం కనిపిస్తుంది?
5. వెనక్కి తీసుకోవచ్చా?

ఎక్కువసార్లు ఖాళీగా వచ్చేది ఐదోదే. అది ఖాళీగా ఉంటే అక్క వెనక్కి పంపేస్తుంది. రాసిన పేజీని ఆ ప్రోగ్రామర్ రెండు పని దినాల్లో చూడాలి. చూడకపోతే పేజీ అలాగే విడుదలవుతుంది, తప్పుంటే వచ్చే ఫోన్ అతనికే ఇస్తాం. ఈ చివరి ముక్క పెట్టాకే రివ్యూలు కదిలాయి. అంతకుముందు ఒక పేజీ 16 రోజులు నా దగ్గరే పడి ఉంది.

స్క్రీన్ బొమ్మలు కూడా తగ్గించాం. 38 నుంచి 9కి. బటన్ కాస్త జరిగినా బొమ్మ పాతబడుతుంది, దాన్ని చూసి ఆపరేటర్ తన స్క్రీన్‌దే తప్పనుకుంటాడు.

ఇప్పటిదాకా: 161 గంటలు, 22 పేజీలు.

ఇప్పుడు ఎక్కడున్నాం

యాసంగి వడ్లు దిగుతున్నప్పుడు మళ్ళీ రెండు వారాలు నోట్‌బుక్ పెట్టాం. 13 మిల్లులు, 52 కాల్స్.

1. "ఎలా చేయాలి": 19
2. కేబుల్, పోర్టు: 18
3. ప్రోగ్రామ్ తప్పులు: 15

రెండు సీజన్లలో లారీల సంఖ్య ఒకటి కాదు కాబట్టి వీటిని ఒకదానితో ఒకటి సరిగ్గా పోల్చలేం. అయినా మొదటి వరుస తగ్గిందని చెప్పగలను, ఎందుకంటే మిగతా రెండూ పెద్దగా కదల్లేదు. పోర్టు గురించి మూడు పేజీలు రాసినా కాల్స్ 21 నుంచి 18కే వచ్చాయి. ఊడిన కేబుల్‌కి పేజీ ఏం చేస్తుంది? ఇండికేటర్ ఏ పోర్టులో ఉందో ప్రోగ్రామే వెతుక్కునేలా మార్చే పని ఈ నెలలో మొదలైంది. అది అయితే ఆ మూడు పేజీలూ తీసేస్తాం. అక్క అప్పుడే వాటి మీద పెన్సిల్‌తో అడ్డగీత కొట్టి పెట్టుకుంది.

23వ పేజీ ఆగి ఉంది. ఒకే లారీ రెండు మిల్లుల సరుకు తెచ్చి, సగం ఇక్కడ దించి, మళ్ళీ తూయించుకుని, మిగతాది పక్క మిల్లుకు తీసుకుపోతే ఖాళీ బండి బరువు ఏది? పేజీ మధ్యలో అక్క ఈ ప్రశ్న రాసి, కింద నా పేరు పెట్టింది. తొమ్మిది రోజులైంది. రెండు రోజుల నియమం ప్రకారం ఆ ఫోన్ నాకే వస్తుంది.